ఒక్క చేతిరాతలో నలభై ఒక్క పేర్లు

"ఇయ్యాల నన్ను పట్టుకపోతరు. చెప్తున్న, యాదికుంచుకోండ్రి," అన్నది జమ్ములమ్మ, పొయ్యి ఇంకా అంటించకముందే.

ఇంట్లో ఎవరూ ఉలకలేదు. నిన్న పొద్దుగూకినప్పటి నుంచి ఆమె ఈ మాట ఎన్నిసార్లు అన్నదో లెక్క తప్పింది.

"ఎవలు పట్కపోతరత్తమ్మా?" అన్నది కోడలు రజిత, పాపకు పాలిస్తూ. "సభ ఒంటిగంటకు. పోలీసోళ్లు అన్నం తినే యాల అది."

"అయితే మూడింటికొస్తరు. తిన్నంక బలం గూడ ఉంటది."

రజిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్త ముందు నవ్వితే బాగుండదు. నవ్వు ఆపుకుంటే ఒళ్లు కదిలి పాపకు పొలమారేటట్టుంది.

జమ్ములమ్మ మూలకు పోయి, గడియకు చీర పీలిక చుట్టి మూసే రేకు పెట్టెను విప్పింది. రెండు చీరలు తీసింది. ఒక తువాలు, సగం అరిగిన సబ్బు, బీపీ గోలీలు, చిన్న బైబిలు, ఆధార్ కార్డు. అన్నీ ఒక గుడ్డసంచిలో కుక్కింది.

"ఏందమ్మా అది?" అన్నది కూతురు రెబెకా.

"జైలు సంచి."

"అమ్మా!"

"ఆడ దొరుకుతయో దొరకయో. బీపీ గోలి లేకుంటే నాకు తల తిరుగుతది."

గోడకు యేసయ్య క్యాలెండరు. క్యాలెండరు మేకుకే వేలాడుతోంది, నిన్న పంచాయతీ ఆఫీసు నుంచి తిరిగొచ్చిన అర్జీ. విత్తనపత్తి చేన్లలో క్రాసింగు పని సాగే ఈ రెండు నెలలూ కాలనీలోని కమ్యూనిటీ హాలు పొద్దున ఏడింటికే తెరవాలని, పసిపిల్లలను చేనుగట్ల మీద కాకుండా అందులో ఉంచుకోనివ్వాలని రాసిన అర్జీ. అడుగున నలభై ఒక్క మంది ఆడవాళ్ల పేర్లు. ఆ పేర్ల చుట్టూ ఎర్ర పెన్నుతో ఒక గీత. గీత పక్కన నాలుగు ముక్కలు: 'అన్నీ ఒకే చేతిరాత. విచారించాలి.'

ఆ 'విచారించాలి' అనే ముక్కే జమ్ములమ్మకు కంటి మీద కునుకు లేకుండా చేసింది.

"విచారించుడంటే అడుగుడమ్మా. గంతే," అన్నది రెబెకా.

"ముందుగాల అడుగుతరు. ఆ తర్వాత ఏం చేస్తరో నీకేం ఎరుక? గద్వాల కాలేజీల గది చెప్తరా?"

"నిన్ను ఇంటింటికి పొయ్యి సంతకాలు పట్టుమంటి. నాకు పరీక్ష లేకుంటే నేనే పోదును. నువ్వేమో అందరి పేర్లు నువ్వే గీకితివి!"

"ఊకె గీకలే. చేన్ల అడిగిన. ఒక్కొక్కామెను అడిగిన. అందరు రాసుకో అన్నరు. రాసుకున్న. ఇరవై ఏండ్ల సంది గట్లనే రాస్తున్న గద, ఎన్నడన్న ఎవలన్న ఇదేందన్నరా?"

అది నిజమే. జమ్ములమ్మ చదివింది ఏడో తరగతి. కానీ ఆ ఏడో తరగతితోనే పుణెలో, బెంగళూరులో, ఇంకా ఎక్కడెక్కడి కాలువల గట్ల మీదనో ఆమె హాజరీ పుస్తకం నడిపింది. మొగుడు పాల్ మేస్త్రీ. గుంపులో నలభై మంది. పొద్దున్నే ఆమె పేర్లు పిలిచేది, వాళ్లు 'ఉన్న' అనేవారు, ఆమె రాసుకునేది. నలభై మంది మాట ఒక్క చేతిరాతలో ఉండటం ఆమెకు తప్పెట్లా అవుతుంది? అట్లా ఉంటేనే అది గుంపు.

గడప మీద కూర్చున్న పాల్ గొంతు సవరించుకున్నాడు.

రెబెకా చాయ్ గ్లాసు తీసుకుపోయి ముందు పెట్టింది. "నాయినా, చాయ్."

పాల్ ఒక గుక్క తాగి, ఎదురింటి గోడ వైపు చూస్తూ, "చాయ్‌ల చక్కెర తక్కువైందని చెప్పుండ్రి," అన్నాడు.

పదకొండు రోజులైంది ఆయన బిడ్డతో మాట్లాడక. హాలు జోలికి పోవద్దన్నాడు. ఆమె పోయింది. ఆరోజు నుంచి ఆయన మాటలన్నీ గోడలతోనూ కోళ్లతోనూ.

"చెప్పుతం లేరా తమ్మీ," అన్నది జంగమ్మ లోపలికి వస్తూ. పాల్ అక్క. బిజినేపల్లి నుంచి ఏటా క్రాసింగు పనికి వచ్చి తమ్ముని ఇంట్లోనే ఉంటుంది. "గోడ చెప్తదిలే నీ బిడ్డకు. గోడకు చెవులే గాదు, నీ పుణ్యాన నోరు గూడ వచ్చింది."

పాల్ మొలతాడుకు వేలాడే తాళంచెవిని లుంగీలోకి దోపుకొని లేచి వెళ్లిపోయాడు.

జంగమ్మ సంచి చూసింది. విప్పి చూసింది. సబ్బు బయటికి తీసింది.

"పిల్లా, సగం సబ్బు తీస్కపోతున్నవేంది? మన ఇంటి ఇజ్జత్ పోదా? కొత్త సబ్బు పెట్టుకో."

"నీకు నవ్వులాటైంది వదినె. నీ పేరు గూడ రాసిన నేను. నిన్ను గూడ పట్కపోతరు."

"నన్నా!" జంగమ్మ ముఖం వెలిగిపోయింది. "అయితే ఇద్దరం పోదం. బిజినేపల్లి దాటి గద్వాల తప్ప నేనేం చూడలే."

*

పత్తి పువ్వుకు ఆదివారం లేదు, సభ లేదు. నిన్న సాయంత్రం మొగ్గ గిల్లి ఎర్ర కాగితం తొడిగిన ప్రతి పువ్వుకూ ఈ పొద్దు మగపువ్వు పుప్పొడి రాయాల్సిందే. ఎండ ముదిరితే పుప్పొడి ఎందుకూ పనికిరాదు. అందుకే ఇన్నాళ్లూ పదకొండు గంటలకు పెట్టిన గ్రామసభలకు కాలనీ ఆడవాళ్లు ఒక్కరూ పోలేదు. రిజిస్టర్లో మాత్రం 'జనం రాలేదు' అని రాసి ఉంది.

రెబెకా ముగ్గురు ఆడవాళ్లను వెంటబెట్టుకొని ఆఫీసుకు పోయి అడిగిన మొదటి మాట హాలు గురించి కాదు, టైము గురించి. పంచాయతీ కార్యదర్శి సుహాసిని వనపర్తి పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది. చట్టం పుస్తకం తిరగేసి, "పదకొండింటికే పెట్టాలని ఎక్కడా లేదు," అన్నది. పొద్దుటి క్రాసింగు ఒంటిగంటకు ముగుస్తుంది. మళ్లీ రెండింటికి మొగ్గ గిల్లుడు మొదలవుతుంది. మధ్యలో సద్ది తినే ఆ ఒక్క గంటే సభకు ఖాయమైంది. రెండు రోజులు ఆటోలో మైకు పెట్టి ఊరంతా చాటించారు.

జమ్ములమ్మ సాలులో వంగి పువ్వు మీద పువ్వు రాస్తున్నదే గానీ, కళ్లు మాత్రం రాజోలి రోడ్డు మీదే ఉన్నాయి. దుమ్ము లేచినప్పుడల్లా జీపనుకునేది. పాలబండి పోయింది. బడి ఆటో పోయింది. సంచి గట్టు మీద, చీర ఊయలలో పడుకున్న మనవరాలి పక్కన ఉంది.

ఊయల చూస్తే ఆమెకు మరో భయం. పోయిన నెల పాప నోరంతా ఎర్రగా కనబడి ఆమె పెట్టిన కేకకు నాలుగు చేన్ల జనం పరుగెత్తుకొచ్చారు. రక్తం కాదు. పాప, మొగ్గలకు తొడిగే ఎర్ర కాగితం నమిలింది. దవాఖానలో డాక్టరు పాప నోరు కడిగి, జమ్ములమ్మకు బీపీ చూసి పంపించాడు. ఇంటికొచ్చాక అందరూ నవ్వారు. ఆ రాత్రే రెబెకా అర్జీ రాసింది.

ఒంటిగంట కావస్తుండగా దుమ్ము లేచింది. ఈసారి జీపే.

"అయిపాయె," అన్నది జమ్ములమ్మ. సాలులోనే కూలబడింది.

జీపులోంచి దిగింది పోలీసులు కాదు, శివశంకర్. ఊళ్లో విత్తనపత్తి అంతా ఆయన చేతి మీదుగా పోతుంది. కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజర్ ఆయనే. ఏ గుంపు ఏ చేనుకు పోవాలో పాల్‌కు చెప్పేదీ ఆయనే. నాలుగేళ్లుగా కమ్యూనిటీ హాలు నిండా ఉన్న బస్తాలూ డ్రిప్పు పైపులూ ఎవరివని అడిగితే ఊరంతా ఆయన వైపే చూస్తుంది. ఆయన మాత్రం ఆకాశం వైపు చూస్తాడు.

ఆయన వెనక ఇద్దరు మనుషులు పెద్ద పెద్ద సంచులు దించారు. గాలికి మసాలా వాసన సాళ్ల మీదుగా వచ్చింది.

"అమ్మలారా! ఇయ్యాల సద్ది మూటలు పక్కకు పెట్టుండ్రి. అందరికీ బిర్యానీ తెప్పిచ్చిన," అన్నాడు శివశంకర్ నవ్వుతూ. "చెట్టు కింద నీడకు కూసోని నిమ్మళంగ తినుండ్రి. రెండింటి దాంక యాడికీ పోయే పని లేదు."

నలభై మంది ఆడవాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పదేళ్లుగా ఆయన చేన్లలో క్రాసింగు చేస్తున్నారు. చల్లటి నీళ్లడిగితే బోరు చూపించిన మనిషి.

"రెండింటి దాంకనా సారూ?" అన్నది జంగమ్మ, చేతులకంటిన పసుపుపచ్చ పుప్పొడి కొంగుకు తుడుచుకుంటూ.

"అవ్. ఎండ మస్తుంది గద."

"కోడిదా, మేకదా?"

"కోడిది."

"ముక్కలున్నయా, ఎసరేనా?"

"ఉన్నయమ్మా, ఉన్నయి!"

"దేవుడు నిన్ను సల్లగ సూడాలె." జంగమ్మ ముందుకు పోయి ఒక పొట్లం అందుకుంది. వెనకే కాలనీలోని సుంకులమ్మ అందుకుంది. ఆమె వెనక ఇంకొకామె. అందరూ వరుసగా అందుకున్నారు. శివశంకర్ తృప్తిగా జీపుకు ఆనుకున్నాడు.

పొట్లాలందుకున్న వాళ్లు చెట్టు కిందికి పోలేదు. ఒకరి వెనక ఒకరు గట్టెక్కి, ఊరి దారి పట్టారు.

"ఏయ్, యాడికి?"

జంగమ్మ తిరిగి చూసింది. "ఈడ ఈగలున్నయి సారూ. హాలు ముందర కూసోని తింటం. నీడ గూడ మంచిగుంటది."

జమ్ములమ్మ ఒక చంకలో సంచి, ఒక చేతిలో పొట్లం పట్టుకొని రజిత వెనక నడిచింది. బిర్యానీ వేడి అరచేతికి తగులుతోంది. 'దీంట్ల ఏమన్న కలిపిండేమో,' అనుకున్నది మొదట. రెండు అడుగులు వేశాక, 'తిన్నంక పట్కపోతే మేలే,' అనుకున్నది.

*

కమ్యూనిటీ హాలు ముందర చాప పరిచి, బల్ల వేసి ఉంది. బల్ల వెనక కొత్త సర్పంచ్ కురుమూర్తి, పక్కన సుహాసిని. వెనక హాలు తలుపుకు పిడికిలంత తాళం.

ఎదురుగా నలభై పొట్లాలు ఒక్కసారే విప్పుకున్నాయి.

కురుమూర్తి ముక్కుపుటాలు అదిరాయి. "ఇది గ్రామసభనా, పెండ్లా?"

"నీకు గూడ ఒకటి ఉంది బావా," అన్నది సుంకులమ్మ. ఊరు ఊరంతా ఘొల్లున నవ్వింది. ఇంత జనం సభకు రావడం కురుమూర్తి ఎన్నడూ చూడలేదు. ఆయన చొక్కా సరిచేసుకున్నాడు.

మగవాళ్లు అంచున నిలబడ్డారు. అందరికన్నా వెనక, వేపచెట్టు మొదట్లో పాల్. శివశంకర్ చెమటలు తుడుచుకుంటూ వచ్చి ముందు వరసలో నిలబడ్డాడు.

"మేడం, మొదలుపెట్టకముందే ఒక మాట. ఈ అర్జీ దొంగ అర్జీ. నలభై పేర్లున్నయి, రాసింది ఒక్కరే. ఎవలో ఒకలు ఇంట్ల కూసోని అందరి పేర్లు రాసిండ్రు. దీని మీద సభ ఎట్ల పెడ్తరు?"

రెబెకా ఇంటి నుంచి తెచ్చి బల్ల మీద పెట్టిన అర్జీని సుహాసిని పైకెత్తింది. "నేను కూడా అదే అడుగుదామనుకున్న. ఇవి రాసింది ఎవరు?"

చాప మీద నమలడం ఆగిపోయింది.

రెబెకా లేవబోయింది. తల్లి చెయ్యి ఆమె భుజం మీద పడింది. బిడ్డను కిందికి నొక్కుతూ జమ్ములమ్మే పైకి లేచింది. సంచిని పొట్టకు హత్తుకుంది.

"నేనే రాసిన మేడం. నా బిడ్డకేం తెల్వదు. సంచి గూడ తెచ్చుకున్న."

"ఏం సంచి?"

"జైలుకు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. జంగమ్మకు మాత్రం అర్థమై కిసుక్కుమన్నది. అక్కడి నుంచి నవ్వు చాప ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. సుహాసిని పెన్ను నోటికి అడ్డం పెట్టుకుంది.

"జైలెందుకు పెద్దమ్మా! ముందు చెప్పండి, అందరివీ మీరే ఎందుకు రాశారు?"

"హాజరీ గట్లనే రాస్తం మేడం. గుంపుల ఒకరు రాస్తరు. అందరు ఉన్న అంటరు. ఈళ్లందరు నన్ను రాసుకో అన్నరు. అనలే అని ఒక్కరన్న చెప్పుమనుండ్రి, నేను ఇప్పుడే పోత."

"అట్లంటే కుదరదు," అన్నాడు శివశంకర్. "ఇది కూలి పని గాదు, సర్కారు కాగితం."

సుహాసిని అర్జీని బల్ల మీదుగా ముందుకు జరిపింది.

"సర్కారు కాగితమే. మనుషులు ఎదురుగా ఉండగా కాగితాన్ని ఎందుకడగాలి? పెద్దమ్మా, మీ హాజరీ మీరే పిలవండి. పలికిన వాళ్లదే పేరు."

జమ్ములమ్మ అర్జీ చేతిలోకి తీసుకుంది. తన రాత తనకే కొత్తగా కనబడింది.

"సుంకులమ్మ..." అన్నది మెల్లగా.

"గట్టిగ పిలువు పిల్లా!" అని అరిచింది జంగమ్మ. "గది నీ గొంతేనా? పుణెల కాలువ ఆ గట్టు మీదోళ్లకు వినబడేదంట!"

జమ్ములమ్మ ఊపిరి పీల్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో, తెల్లవారుజామున మట్టిగుట్టల మీద నిలబడి నలభై మందిని నిద్రలోంచి లేపిన ఆ పాత గొంతు బయటికొచ్చింది.

"సుంకులమ్మా!"

"ఉన్న! నేనే రాసుకోమన్న!"

"సవారమ్మా!"

"ఉన్న!" నోట్లో కోడిముక్కతోనే పలికింది సవారమ్మ.

"రజితా!"

"ఉన్న అత్తమ్మా! నా బిడ్డ గూడ ఉన్నది!"

ఒక్కో పేరుకూ ఒక్కొక్కరు లేచి నిలబడుతున్నారు. పుప్పొడి అంటిన చేతులు, నెత్తిన తువాళ్లు. మొదటి పదిమంది లేచేసరికి జమ్ములమ్మ సంచి కిందపెట్టింది. ఇరవై మంది లేచేసరికి దాని సంగతే మరిచింది. ముప్పయ్యో పేరు దగ్గర వెనక మగవాళ్లలోనూ ఎవరో చప్పట్లతో తాళం వేయడం మొదలుపెట్టారు. పిలుపు, జవాబు, పిలుపు, జవాబు.

"ఈదమ్మా!"

కాలనీలో అందరికన్నా ముసలామె ఈదమ్మ కర్ర ఆనించి లేచింది. "నేను క్రాసింగుకు పోను. నాకు కండ్లు కానరావు. హాలు తెరిస్తే పిల్లల్ని నేను సూస్కుంట. గందుకే ఉన్న!"

"జంగమ్మా!"

"ఉన్న! బిజినేపల్లి సంది వచ్చి ఉన్న!"

శివశంకర్ ఆ మాటను ఎగిరి పట్టుకున్నాడు. "సూసిండ్రా మేడం! ఈ ఊరు గాదు, ఓటు లేదు!"

సుహాసిని ఓటర్ల జాబితా తిప్పి చూసి, ఆ ఒక్క పేరూ కొట్టేసింది. "అమ్మా, మీ ఓటు ఇక్కడ లేదు. కూర్చోవచ్చు. చెయ్యి మాత్రం ఎత్తొద్దు."

"కొట్టెయ్ మేడం, ఏం గాదు. మా ఊర్ల గూడ హాలుంది, ఎట్ల తెరిపియ్యాల్నో నేర్చుకోని పోత." జంగమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని కూర్చుంది.

హాలు తెరవాలన్నవాళ్లను సుహాసిని చేతులెత్తమన్నప్పుడు చాప మీద పసుపు చేతులన్నీ లేచాయి. వేపచెట్టు దగ్గరి మగవాళ్లవీ చాలా లేచాయి. జంగమ్మ కుడిచెయ్యి తనంతట తానే తొడ కింది నుంచి బయటపడింది. జమ్ములమ్మ దాన్ని పట్టి కిందికి గుంజింది. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి, కాదన్నవాళ్లు ఆరుగురు, అవునన్నవాళ్లు డెబ్బై తొమ్మిది మంది అని సుహాసిని రాసుకుంది.

తీర్మానం పుస్తకం చాప మీదికి వచ్చింది. సుంకులమ్మ వేలు ముద్రకు చాచింది.

"ఆగు," అన్నది జమ్ములమ్మ. అన్నాక తనే అదిరిపడింది. కానీ మాట బయటికొచ్చేసింది. "మేడం, ముందుగాల సదివి వినిపియ్యుండ్రి. ఆ తర్వాతనే వేలు పెడ్తం."

రెబెకా తల్లి వైపు వింతగా చూసింది. ఆ మాట తను ఇంట్లో పదిసార్లు చెప్పింది. పదిసార్లూ తల్లి చెవులు మూసుకుంది.

సుహాసిని చదివింది. ప్రతి ఒక్కరూ తమ పేరు తామే రాశారు, రాయడం రానివాళ్లు తమ వేలు తామే ఒత్తారు. రజిత తన పేరులో 'జి' దగ్గర ఆగి, నాలుక కొరుక్కొని, పూర్తిచేసింది. నలభై పేర్లు, ఎవరి రాత వాళ్లది, ఎవరి వేలు వాళ్లది. జమ్ములమ్మ ఆ పేజీని చాలాసేపు చూసింది. వంకరటింకరగా ఉంది. హాజరీ పుస్తకం ఇట్లా ఉంటే కాంట్రాక్టర్లు తిట్టేవాళ్లు. ఎందుకో కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదు.

"ఇగ తాళం తీద్దం," అన్నాడు కురుమూర్తి ఉత్సాహంగా లేచి. "తాళంచెవి ఎవల తాన ఉంది?"

అడిగినాయనే తన జేబులు తడుముకున్నాడు.

"నా తాన లేదు. పాత సర్పంచ్‌ను అడిగిన. ఆయన తాన గూడ లేదన్నడు. శివశంకర్ సారూ?"

"నాకేం ఎరుక?" శివశంకర్ ఆకాశం వైపు చూశాడు. "లోపలున్నయి ఎవలియో, తాళం ఎవలేసిండ్రో."

సుహాసిని ముఖం చిన్నబోయింది. "పగలగొట్టాలంటే మండలం నుంచి ఉత్తరం రావాలి. లోపలి సామాను ఎవరిదో తేల్చాలి. నెల, నెలన్నర పట్టవచ్చు."

నెలన్నరకు క్రాసింగే అయిపోతుంది. మళ్లీ ఏడాది దాకా ఊయలలు గట్ల మీదే. రెండు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. సభకొచ్చాక శివశంకర్ మొదటిసారి నవ్వాడు.

"ఎవల తానన్న ఉంటే చెప్పుండ్రి," అన్నది రెబెకా. "ఎవలం ఏమనం. ఎందుకు పెట్టుకున్నరని గూడ అడగం."

జమ్ములమ్మ జనం వైపు చూసింది. చూపు వేపచెట్టు దగ్గర ఆగింది. పాల్ తల వంచుకొని ఉన్నాడు. కుడిచెయ్యి మొలతాడు మీద ఉంది.

ఆ తాళంచెవి ఇంట్లో రేకు పెట్టెదని ఇన్నేళ్లూ ఊరికే అనుకుంది. పొద్దున తన చేత్తోనే పెట్టె గడియకున్న చీర పీలిక విప్పింది. ఆ పెట్టెకు తాళమెక్కడిది?

పదకొండు రోజుల మౌనం, గోడలతో మాటలు, హాలు జోలికి పోవద్దన్న కోపం, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. శివశంకర్ సామాను మీద కాపలా ఈయనదే. చెప్తే మేస్త్రీతనం పోతుంది. శివశంకర్ రేపటి నుంచి ఇంకో గుంపును పిలుస్తాడు. ఈయన మళ్లీ బెంగళూరు బస్సెక్కుతాడు. లేదా ఈయననే పట్టుకుపోతారు. సంచిలో ఆయన లుంగీ ఒక్కటి కూడా పెట్టలేదు.

అందరి మాటా తానే రాసుకున్న చెయ్యి తనది. ఈ ఒక్క జవాబు మాత్రం ఆయన తరఫున తను రాయడానికి వీల్లేదు.

ఆయన పేరు హాజరీలో ఎన్నడూ లేదు. మేస్త్రీ పేరు ఎవరూ పిలవరు.

జమ్ములమ్మ రెండడుగులు ముందుకు వేసింది. ఊపిరి పీల్చింది.

"పాల్!"

పెళ్లయినప్పటి నుంచి ఆమె నోట ఆ పేరు ఎవరూ వినలేదు. జంగమ్మ నోరు తెరుచుకుంది. రెబెకా తల్లి వైపూ తండ్రి వైపూ చూసింది. శివశంకర్ కళ్లు చిన్నవి చేసుకొని వేపచెట్టు వైపు తిరిగాడు.

ఎక్కడో పొట్లం కాగితం గాలికి ఎగిరింది. పాప ఏడవబోయి మానేసింది. నలభై మంది ఆడవాళ్లు కదలకుండా నిలబడ్డారు. జమ్ములమ్మ రెండోసారి పిలవలేదు. పిలిచిన పేరుకు మనిషి పలికేదాకా ఆగడం ఆమెకు అలవాటే.

పాల్ తల ఎత్తాడు. శివశంకర్ వైపు చూడలేదు. గోడ వైపు చూడలేదు. బిడ్డ వైపు చూశాడు.

"ఉన్న," అన్నాడు. మొలతాడు ముడి మీద వేళ్లు ఆడించి మళ్లీ అన్నాడు, "తాళంచెవి గూడ ఉన్నది, బిడ్డా. నాతాన్నే ఉన్నది."